గాలాల గంప నుంచి డ్రమ్ము దాకా

మా ఇంటి వసారాలో వలల కంటే గాలాల గంపలే ఎక్కువ. విశాఖపట్నం పెద జాలారిపేటలో అప్పటికే ఇంటింటికీ నైలాన్ వలలు వచ్చేశాయి. మా నాన్న మాత్రం చాలాకాలం గాలాల తాడునే నమ్ముకున్నాడు. పొడవాటి తాడు ఒకటి, దానికి రెండేసి బారల దూరంలో చిన్న చిన్న తాళ్ళు, ఒక్కో చిన్న తాడు కొసన ఒక గాలం. తాడంతా వెదురు గంపలో చుట్టలుగా పేర్చి, గాలాలను మాత్రం గంప అంచుకి కట్టిన కొబ్బరి పీచు తాడులో వరసగా గుచ్చేవాడు. మొదట గుచ్చింది చివర, చివర గుచ్చింది మొదట బయటికి రావాలి. ఆ వరస తప్పిందంటే సముద్రం మీద తాడు వదిలేటప్పుడు ఒక గాలం ఇంకోదాన్ని పట్టుకుంటుంది. ఆ రెండూ కలిసి మనిషి చేతిని పట్టుకుంటాయి. అందుకే పిల్లలం ఆ గంపల దగ్గరికి వెళితే వీపు మోగేది.

సాయంత్రం పూట అమ్మ కవళ్ళను ముక్కలు కోసి ఉప్పు పట్టించేది. ఉప్పు పడితే ముక్క గట్టిపడి గాలం మీద నిలుస్తుంది. తెల్లవారుజామున కొండగాలి ఉండగానే తెప్ప వెళ్ళిపోయేది. డాల్ఫిన్ నోస్ కొండ ఎటు ఉంది, దాని వెనక సింహాచలం కొండ ఎంత కనిపిస్తోంది, ఈ రెండూ చూసుకుని నాన్న తన చోటు పట్టేవాడు. తాడు రెండు కొసలకీ రాళ్ళు కట్టి అడుగుకి దించి, పైన గుర్తుకి జెండా కర్ర వదిలేవాడు. జెల్లలు, టేకులు, ఒక్కోసారి సొర. సొర పళ్ళకి నూలైనా నైలానైనా ఆగదు కాబట్టి దాని గాలాలకు ఇనుప తీగ కట్టేవాడు. గాలాల డబ్బా మీద మస్టాడ్ అని, నార్వే అని ఉండేది. నార్వే ఎక్కడుందో నాకు చాలా ఏళ్ళ వరకు తెలీదు. గాలాలు తయారుచేసే ఊరని మాత్రం తెలుసు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను ఎక్కిన ఓడల మీద చూసింది కూడా ఇదే. కాకపోతే గంప బదులు ఇనుప డ్రమ్ము, రెండు వందల బారల తాడు బదులు కిలోమీటర్ల కొద్దీ తాడు, కవళ్ళ ముక్కల బదులు పెట్టెల కొద్దీ ఎర.

పదో తరగతి అయ్యాక నాన్న నన్ను తెప్ప ఎక్కనివ్వలేదు. విశాఖలో సిఫ్‌నెట్ శాఖ ఉంది, 1981లో పెట్టారు. చేపల ఓడలు నడపడానికీ, ఇంజిన్లు చూడడానికీ అక్కడ కుర్రాళ్ళకి శిక్షణ ఇస్తారు. అందులో నావిగేటర్ కోర్సులో చేరాను. కోర్సు తర్వాత సముద్రం మీద కొంతకాలం పనిచేస్తేనే టికెట్ పరీక్ష, అంటే ఓడ నడిపే అర్హత పత్రం కోసం పెట్టే పరీక్ష, రాయనిస్తారు. ఆ పని కోసం చెన్నై నుంచి నడిచే ఒక ప్రభుత్వ సర్వే ఓడ మీదకి పంపారు. అది సూరలు, అంటే ట్యూనా చేపలు, పట్టే లాంగ్‌లైన్ ఓడ. లాంగ్‌లైన్ అంటే వరసగా గాలాలున్న పొడవాటి తాడే. అప్పట్లో మాకు ఇంకా అది మద్రాసే.

ఆ ఓడ గేర్ రూమ్‌లో అడుగుపెట్టిన రోజు ముందుగా తగిలింది తారు వాసన. జపాన్ పద్ధతి తాళ్ళు అవి. కురలాన్ అనే దారంతో పేనిన మెయిన్ లైన్, దాని మీద నల్లటి తారు పూత. తాడును కట్టలు కట్టలుగా విడదీసి పెట్టేవారు, ఒక్కో కట్టను బాస్కెట్ అనేవారు. మా నాన్న గంపే అన్నమాట, జపాన్ దాకా వెళ్ళొచ్చింది. ఒక్కో బాస్కెట్‌కి ఐదు గాలాలు. గాలం తాడు కూడా ఒకే ముక్క కాదు. పైన కురలాన్, మధ్యలో దారం చుట్టిన తీగ, కింద ఉత్త ఉక్కు తీగ, దాని కొసన గాలం. ఎక్కడికక్కడ తిరిగే స్వివెల్ ఉంటుంది, చేప గింగిరాలు తిరిగినా తాడు మెలిపడకుండా. బాస్కెట్‌కి బాస్కెట్‌కి మధ్య తేలడానికి ఒక బంతి. పాత రోజుల్లో ఆ బంతులు గాజువట. నేను వెళ్ళేసరికి ప్లాస్టిక్ వచ్చేసింది. స్టోర్ మూలన ఒకే ఒక్క గాజు బంతి, వల చుట్టిన ఆకుపచ్చది, మిగిలి ఉండేది. దాన్ని ఎత్తుకుపోవాలని ఎంతమందికి ఆశ ఉండేదో!

తాడు నీళ్ళలో ఎలా ఉంటుందో కొత్తవాళ్ళకి చెప్పాలంటే నేను పెళ్ళి పందిరి చూపిస్తాను. రాటకీ రాటకీ మధ్య మామిడి తోరణం కట్టినట్టు ఉంటుంది. రాటలు తేలే బంతులు, వేలాడే ఆకులు గాలాలు. తోరణం మధ్యలో ఎక్కువ దిగుతుంది కాబట్టి ఐదింటిలో మూడో గాలం అన్నిటికంటే లోతులో ఉంటుంది, ఒకటీ ఐదూ పైన. ఏ చేప ఏ నంబరు గాలానికి పడిందో సర్వే ఓడలో ప్రతిసారీ పుస్తకంలో రాసేవాళ్ళం. ఈ రాత పిచ్చేంటని మొదట్లో విసుగొచ్చేది. నెమ్మదిగా అర్థమైంది, చేప ఏ లోతున తిరుగుతోందో మూడో నంబరూ ఒకటో నంబరే చెబుతాయని. బంగాళాఖాతంలో పైన వెచ్చటి నీళ్ళ పొర మందం తక్కువ. దాని కింద నీరు గబుక్కున చల్లబడుతుంది, ఆక్సిజన్ కూడా తగ్గిపోతుంది. రెక్క సూర ఆ గీత దగ్గరే ఎక్కువగా తిరుగుతుంది. గాలాలు ఆ గీతకి మరీ కింద ఉన్నాయంటే ఎర దండగ.

తాడు వదలడం తెల్లవారకముందే మొదలు. ఓడ ఏడెనిమిది నాట్ల వేగంతో పోతుంటే వెనక నుంచి తాడు జారిపోతూ ఉంటుంది. ఒకడు ఎర గుచ్చుతాడు, ఒకడు గాలాన్ని పక్కకి విసురుతాడు, ఒకడు బంతి కడతాడు, ఇంకొకడు తర్వాతి బాస్కెట్ కొస ముడి వేస్తాడు. ఐదారు వందల గాలాలకు మూడు గంటలు పట్టేది. మా శిక్షణ కుర్రాళ్ళకి మొదట ఎర అందించే పనే. కానాగడతని తలలోంచి గుచ్చాలా, వీపులోంచి గుచ్చాలా అని ఇద్దరు పెద్దవాళ్ళు ఆ ప్రయాణమంతా వాదించుకుంటూనే ఉన్నారు. తలలోంచి గుచ్చితే గట్టిగా నిలుస్తుంది, వీపులోంచి గుచ్చితే నీళ్ళలో బతికున్న చేప మాదిరి కదులుతుంది. నేను ఇప్పటికీ తల వైపే.

ఆ తర్వాత కొన్నేళ్ళు లాంగ్‌లైన్ మొహం చూడలేదు. విశాఖ హార్బర్‌లో అప్పుడు రొయ్యల ట్రాలర్ల రాజ్యం. ఇరవై మూడు మీటర్ల ఇనుప ఓడలు వరసగా నిలబడి ఉండేవి. టైగర్ రొయ్యల కోసం బెంగాల్ దగ్గర శాండ్‌హెడ్స్ దాకా పోయేవాళ్ళం. డబ్బు బాగానే ఉండేది, నిద్రే ఉండేది కాదు. తొంభైల చివరికి రొయ్య తగ్గడం, డీజిల్ పెరగడం రెండూ ఒకేసారి మీద పడ్డాయి. ఓడలు ఒక్కొక్కటిగా జెట్టీకి కట్టేసి ఉండిపోయాయి. సునామీ వచ్చి వెళ్ళిన కాలం నాటికి కొత్త మాట మొదలైంది: ట్రాలర్లను సూరల ఓడలుగా మార్చండి, సగం ఖర్చు మేమిస్తాం అని సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే ప్రభుత్వ సంస్థ ఎంపెడా వాళ్ళు సబ్సిడీ పెట్టారు. అలా మార్చిన ఒక ఓడకి సర్వే ఓడ అనుభవం ఉన్న మేట్, అంటే స్కిప్పర్ తర్వాతివాడు, కావాలంటే నన్ను పిలిచారు. ఆ కంపెనీ ఇప్పుడు లేదు కాబట్టి పేరెందుకు.

ఆ ఓడ మీద కురలాన్ లేదు, తారు లేదు. డెక్ మధ్యలో హైడ్రాలిక్స్‌తో తిరిగే పెద్ద డ్రమ్ము, దాని నిండా మూడు మిల్లీమీటర్ల పైచిలుకు మందమున్న నైలాన్ మోనోఫిలమెంట్, ఒకే పోగు. గాలం తాళ్ళను విడిగా పెట్టెల్లో ఉంచుతాం. ఒక్కో తాడుకి పై కొసన స్ప్రింగ్ క్లిప్పు ఉంటుంది. మెయిన్ లైన్ జారుతుంటే బజర్ కొడుతుంది, కొట్టినప్పుడల్లా ఒక క్లిప్పు తగిలించాలి. ముడి వేసే పనే లేదు. పాత తరం ఓడల మీద ఇరవై మంది చేసే పని పదిమందితో అయిపోతుంది. ఓడ యజమానులకి నచ్చిందీ అదే.

మా ఓడ బోసన్, అంటే డెక్ పనివాళ్ళ పెద్ద, కాకినాడ వైపు మనిషి. నా కంటే పదిహేనేళ్ళు పెద్ద, అందుకే అందరికీ మావ. చదువు నేదు అనేవాడు గానీ తాడుని వేళ్ళ మధ్య నుంచి పోనిచ్చి ఎక్కడ గీరుకుపోయిందో చీకట్లో కూడా చెప్పేసేవాడు. మోనోఫిలమెంట్‌తో చిక్కేంటంటే చిన్న గీత పడితే చాలు, పెద్ద చేప లాగినప్పుడు సరిగ్గా అక్కడే తెగుతుంది. చూస్తే కనపడదు, చేతికే తెలుస్తుంది. శ్రీకాకుళం కుర్రాళ్ళు నలుగురు ఉండేవారు, గుజరాత్‌లో వేరావల్ పోయే బదులు ఇంటికి దగ్గరని మా ఓడ ఎక్కినవాళ్ళు. వాళ్ళకి మావ నేర్పిన మొదటి పాఠం చేప గురించి కాదు. "తాడు లాగినప్పుడు గాలం ఎటెల్తాదో ముందు అక్కడ నీ మొకం నేకుండా చూస్కో" అన్నాడు. బిగిసి ఉన్న తాడు కొసన చేప నోరు వదిలేస్తే గాలం బుల్లెట్ వేగంతో వెనక్కొస్తుంది. కళ్ళు పోయినవాళ్ళు ఉన్నారు.

మా దగ్గర ఒక కుర్రాడికి అరచేతిలో దిగింది. పెద్ద గాలం, ముల్లు పూర్తిగా లోపలికి పోయింది. వెనక్కి లాగితే కండ మొత్తం వచ్చేస్తుంది. మావ వాడి చెయ్యి తన మోకాలి కింద అదిమిపెట్టి, గాలాన్ని ఇంకా ముందుకి తోసి, అవతలి వైపు ముల్లు బయటికొచ్చాక కటింగ్ ప్లయర్‌తో దాన్ని కత్తిరించి, మిగతాది వెనక్కి లాగేశాడు. వాడి అరుపుకి ఇంజిన్ డ్రైవర్ పైకి పరిగెత్తుకొచ్చాడు. డెట్టాల్, గుడ్డ కట్టు, టెటనస్ ఇంజెక్షన్ మాత్రం రేవుకొచ్చాకే. రెండు రోజులు వాణ్ణి వంటకి పెట్టాం. ఒంటి చేత్తో వాడు వండిన పులుసు మా వంటవాడి దానికంటే బాగుందని మావ ఊరికే ఏడిపించేవాడు.

తాడు ఎత్తడం మధ్యాహ్నం మొదలైతే రాత్రి దాకా. ఎంతో మందికి తెలియని విషయం ఇదే: వచ్చేవాటిలో ఎక్కువ ఖాళీ గాలాలే. వందకి ఒక చేప పడితే మంచి రోజు. ఎర అలాగే ఉన్న గాలం, ఎర పోయిన గాలం, ఎర సగం కొరికిన గాలం. మధ్యలో లాన్సెట్ చేపలు, పొడవాటి నోరూ కోర పళ్ళూ వీపంతా తెరచాపంత రెక్కా ఉండి, ఒంట్లో కండ లేక నీళ్ళు కారే చేపలు. వాటిని ఎవరూ తినరు, కొనరు. పైకి పడేసరికి మావ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టేవాడు. అప్పుడప్పుడు నూర్పిడి సొర, తన తోక కంటే పొడుగు ఒళ్ళు లేనిది. దానికి గాలం నోట్లో కాదు, తోకలో దిగి ఉంటుంది. ఎరని ముందు తోకతో కొట్టి తర్వాత తినడం దాని అలవాటు. తాబేలు వస్తే మాత్రం కుర్రాళ్ళు పని ఆపేసేవారు. దాన్ని నెమ్మదిగా పక్కకి తెచ్చి తాడు కోసి వదిలేవాళ్ళం. కొందరు దండం పెట్టుకునేవారు, కూర్మావతారం కదా.

మంచి సూర వస్తున్నప్పుడు తాడు బరువు వేరు. సొర అయితే కుదుపులుగా లాగుతుంది, సూర గుండ్రంగా తిరుగుతూ లాగుతుంది. ముందు నీళ్ళలో వెండి తళుకు, తర్వాత కొడవళ్ళంత పసుపు రెక్కలు. అప్పుడు అరుపులు ఆగిపోవాలి. గాఫ్, అంటే కర్రకి బిగించిన కొక్కెం, తలలోనే వేయాలి, ఒంట్లో వేస్తే మాంసానికి కన్నం, ధర సగం. పైకి తీసి పాత పరుపు మీద పడుకోబెట్టాలి, ఇనుప డెక్ మీద కొట్టుకుంటే కండ కమిలిపోతుంది. తల పైన కళ్ళ మధ్య మెత్తటి చోటు ఒకటి ఉంటుంది, అక్కడ మేకు దించితే ఒక్క వణుకు వణికి నిశ్చలమవుతుంది. ఆ కన్నంలోంచి వెన్నులోకి నైలాన్ పోగు దూర్చాలి. రొమ్ము రెక్కల వెనక కోసి రక్తం పోనివ్వాలి. మొప్పలు, పేగులు తీసి వెంటనే మంచు నీళ్ళలోకి. సూర ఒళ్ళు చుట్టూ ఉన్న నీటికంటే వెచ్చగా ఉంటుంది. పెనుగులాడితే ఇంకా వేడెక్కి లోపల కండ ఉడికిపోతుంది. ఆ కండ తెల్లగా పాలిపోతే, దాన్ని పచ్చిగా తినే జపాన్ వాళ్ళు ముట్టరు. వేట పది నిమిషాలు, ఈ కసాయి పని అరగంట. ఇక్కడ చెయ్యి తిరగకపోతే వెళ్ళిందంతా వృథా.

ఒకసారి వరసగా పది పదిహేను గాలాలకు సూర తలలే వచ్చాయి. మొప్పల దాకా కొరికేసి, పెదవులు, గాలం, తల మాత్రం జాగ్రత్తగా వదిలేశారు. తిమింగలాల పని. నల్లటి వీపులు తాడు పక్కనే తేలుతున్నాయి, ముందు అవి తింటున్నాయి, వెనక మేం ఎత్తుకుంటున్నాం. స్కిప్పర్ తల పట్టుకుని కూర్చున్నాడు. మావ మాత్రం ఒక తలని పక్కన పెట్టుకున్నాడు, రాత్రి పులుసుకి.

ఇంకోసారి తాడే పోయింది. సరుకు ఓడ ఏదో మీద నుంచి వెళ్ళి కోసేసినట్టుంది. కొసన తేలుతూ ఉండే రేడియో బాయా పంపే సిగ్నల్ మాత్రమే ఆధారం. ఆ మిషన్ ముందు రాత్రంతా కూర్చుని, బీప్ ఏ వైపు గట్టిగా వినిపిస్తే ఆ వైపు ఓడ తిప్పాం. దొరికేసరికి తెల్లారింది. సగం తాడే దొరికింది. మిగిలినదాన్ని లెక్కకట్టి మా జీతాల్లోంచి కోస్తామని కంపెనీ ఆఫీసులో అన్నారు. స్కిప్పర్ పెద్ద గొడవ చేశాక ఆ మాట ఆగింది. ఇలాంటి టెన్షన్ల గురించి సూర ఎగుమతి లెక్కల్లో ఎవరూ రాయరు.

రేవులో సూర దించుతుంటే చూడడానికి మా నాన్న వచ్చాడు ఒకసారి. అప్పటికి తెప్ప మానేశాడు. డెక్ మీదకి ఎక్కి డ్రమ్ము చుట్టూ తిరిగి, నైలాన్ తాడుని రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు. ఎన్ని గాలాలని అడిగాడు. చెప్పాను. "ఇన్నిట్కి ఎర ఎవుడు కొంటాడ్రా?" అన్నాడు. నవ్వేశాం అందరం.

కానీ ఆయన అడిగిందే చివరికి అందర్నీ కూర్చోబెట్టింది. డీజిల్ తర్వాత పెద్ద ఖర్చు ఎరదే. స్క్విడ్, కానాగడత మనుషులు తినే ధరకే కొని సముద్రంలో వేయాలి. జపాన్ గ్రేడ్ దొరికిన చేపే విమానం ఎక్కేది. గ్రేడ్ తప్పింది రేవులో అమ్మాలి. మనవాళ్ళు సూరని పెద్దగా తినరు. వంజరం, చందువ ఉంటే ఎర్ర కండ చేప ఎవరికి కావాలి? అమ్మ కూడా, కొడుకు పట్టిన చేపే అయినా, రక్తం వాసనంటూ ముట్టేది కాదు. చాలావరకు లారీల మీద కేరళ పోయేది. పైగా మా బోటి ఓడలకి అందనంత దూరంలో, లెటర్ ఆఫ్ పర్మిట్ అనే ప్రభుత్వ అనుమతి పేరుతో మన జెండా వేసుకున్న తైవాన్ ఓడలు రోజుకి రెండు వేల పైన గాలాలు వదిలేవి. ఆ పర్మిట్లు 2017లో రద్దయ్యేసరికి మా ఓడలు ఎప్పుడో రద్దయిపోయాయి. కొన్ని మళ్ళీ రొయ్యల వలలు ఎక్కించుకున్నాయి, కొన్ని తుక్కుకి పోయాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ హార్బర్‌ని చితక్కొట్టినప్పుడు, మేం పనిచేసిన ఓడ డ్రమ్ము ఒక్కటి జెట్టీ మీద పడి ఉండడం చూశాను. ఓడ అంతకు ముందే అమ్ముడుపోయింది.

నా అభిప్రాయం అడిగితే, పెద్ద లాంగ్‌లైన్ మన తీరంలో నిలదొక్కుకోలేదు గానీ గాలం నిలదొక్కుకుంది. ఇవాళ పూడిమడక దగ్గర్నుంచి జాలారిపేట దాకా ఫైబర్ బోట్ల కుర్రాళ్ళు సూరలు తెస్తున్నది గాలంతోనే. నలుగురో ఐదుగురో, ఒక ఔట్‌బోర్డ్ ఇంజిన్, మంచు పెట్టె, జీపీఎస్. తాడు చేత్తోనే లాగుతారు. ప్రమాదం లేదని కాదు. కొమ్ముకోనెం చేప పొడిచి, తాడుతో సహా నీళ్ళలోకి లాక్కుపోయి మనుషులు పోయిన వార్తలు మా వైపు ఎవరూ మర్చిపోలేదు. అయినా వాళ్ళ లెక్క మా కంపెనీ లెక్క కంటే గట్టిది. ఎర వాళ్ళే పట్టుకుంటారు. దొరక్కపోతే సాయంత్రానికి ఇంటికొస్తారు, ఇరవై రోజుల డీజిల్ తగలేసి కాదు.

మా ఓడల తాళ్ళూ క్లిప్పులూ గాలాలూ అన్నీ తుక్కు కొట్ల మీదుగా ఆ కుర్రాళ్ళ చేతికే వచ్చాయి. పేటలో సగం ఇళ్ళలో బట్టలారేసే తీగలు మా మోనోఫిలమెంటే, వానకి ఎండకి చెక్కు చెదరదు. మా అక్క కొడుక్కి ఒక ఫైబర్ బోటు ఉంది. గాలం తాడుకి స్లీవ్, అంటే ముడికి బదులు వేసే చిన్న లోహపు గొట్టం, నొక్కించుకోవడానికి ఇప్పటికీ నా దగ్గరికే వస్తాడు. మామూలు ప్లయర్‌తో నొక్కేస్తే సరిపోతుంది కదా మావా అంటాడు. సరిపోదు. స్లీవ్ రెండు అంచులూ వదిలేసి మధ్యలోనే నొక్కాలి, అంచు నొక్కితే అది నైలాన్‌ని కోసేస్తుంది. తాడు కొసని కొంచెం నిప్పుకి చూపించి గుండు చేయాలి, జారిపోకుండా. పోయిన వారం ముప్ఫై తాళ్ళు తెచ్చాడు. ఇంకా పన్నెండు మిగిలాయి, ఆదివారానికి కావాలంటున్నాడు.